నీటి మొక్కలు – నత్రజని – మన మూసీ

మొక్క పెరగడానికి ఎండ, నీరు, గాలి చాలునని ప్రాథమిక పాఠశాలలో మనమందరం చదువుకొన్నాము. ఆ పాఠం తప్పు కాదు గాని సంపూర్ణం కాదు. ఈ మూడింటికీ కొరత లేని చోట కూడ ఒక నీటిలో మొక్క పాలిపోయి ఎదగక నిలిచిపోతుంది. మరొక నీటిలో అదే మొక్క చూస్తూండగానే ఒడ్డు నుండి ఒడ్డుకు పరచుకొంటుంది. గండిపేట జలాశయానికి చేరేదీ, కాచిగూడ ప్రక్కన గోల్నాక వద్ద ప్రవహించేదీ ఒకే మూసీ. రెండు చోట్లా కాసే ఎండ ఒక్కటే, వీచే గాలి ఒక్కటే. అయినా ఎగువ నీటిని చూచిన వారికి, గోల్నాక వద్ద గుర్రపుడెక్క క్రింద నల్లగా కదలే నీరు కూడ ఆ నదిదే అని నమ్మడం కష్టమవుతుంది.

ఈ భేదానికి గల ముఖ్య కారణాలలో నత్రజని ఒకటి. అది నీటి మొక్కల పెరుగుదలను ఎట్లు నడుపుతుంది? ఎంతవరకు నడుపుతుంది? ఆ హద్దు దాటిన తరువాత ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం. సాహిత్య విద్యార్థులమైన మేము శాస్త్ర విషయానికి పూనుకొనడానికి కారణం లేకపోలేదు. మూసీ ఒడ్డు బస్తీల నుండి మన తరగతులకు వచ్చే విద్యార్థినీ విద్యార్థులు కొందరు కారు. ఆ నది వలన కలిగే దోమల బాధ, దుర్వాసన వారికి పుస్తకంలోని విషయాలు కావు. తమ ఇంటి ముందున్న సమస్యను తమ భాషలో, లెక్కలతో సహా అర్థం చేసికొనే హక్కు వారికి ఉన్నదని మా విశ్వాసం.

నత్రజని స్వరూపం

మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. కాని ఆ గాలిలో మునిగి ఉన్న మొక్క దానిని నేరుగా వాడుకొనలేదు. నత్రజని పరమాణువులు రెండేసి చొప్పున మూడు బంధాలతో గట్టిగా ముడిపడి ఉంటాయి. ఆ ముడిని విప్పే శక్తి సాధారణ వృక్షజాతికి లేదు. అమ్మోనియా రూపంలో గాని, నైట్రేటు రూపంలో గాని నీటిలో కరిగి వచ్చినప్పుడే మొక్క దానిని గ్రహిస్తుంది. ధనాగారం ప్రక్కనే ఉండి తాళపుచెవి లేని పేదవాని స్థితి మొక్కది.

ఆ తాళపుచెవి గల జీవులు కొన్ని ఉన్నాయి. వాటిలో నీలి ఆకుపచ్చ శైవలాలు మనకు దగ్గరివి. నీరు నిలిచిన వరి మడిలో, ఎరువు వేయకపోయినా నేల కొంత సారాన్ని నిలుపుకొంటుందని రైతులు తరతరాలుగా ఎరుగుదురు. ఆ సారం నీలి ఆకుపచ్చ శైవలాలు గాలి నుండి పట్టి ఇచ్చిన నత్రజని అని పి.కె. డే 1939లో ప్రకటించిన పరిశోధనలో చూపించారు. వరి రైతులు నేడు పెంచుతున్న అజోల్లా ఆకులలో కాపురముండేది కూడ ఈ జాతి శైవలమే.

గ్రహించిన నత్రజనితో మొక్క చేసే పనులు రెండు ముఖ్యమైనవి. ఒకటి మాంసకృత్తుల తయారీ. మాంసకృత్తుల బరువులో సుమారు నూటికి 16 పాళ్ళు నత్రజని ఉంటుంది. రెండవది పత్రహరితం. పత్రహరితపు ఒక్కొక్క అణువులో నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. కావుననే నత్రజని కొరత పడిన మొక్క మొదట ఆకుపచ్చదనాన్ని కోల్పోతుంది. ముదురాకులలోని నత్రజనిని చిగుళ్ళకు పంపి, ముందుగా ముదురాకులే పసుపు బారుతాయి. ఇంటిలో ధాన్యం తక్కువైనప్పుడు పెద్దలు పస్తుండి పిల్లలకు పెట్టినట్లే ఇది.

కొరత – తృప్తి – మిగులు

పందొమ్మిదవ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన నియమం ఒకటి ఉన్నది. మొక్కకు కావలసిన పోషకాలలో అవసరాన్ని బట్టి ఏది అన్నింటికంటె తక్కువగా దొరుకుతుందో, అదే పెరుగుదలకు హద్దు నిర్ణయిస్తుంది. కుండకు ఎంత ఎత్తున చిల్లు ఉన్నదో అంతవరకే నీరు నిలిచినట్లు. భాస్వరం లేని నీటిలో నత్రజని ఎంత పోసినా ప్రయోజనం లేదు. నత్రజని లేని నీటిలో భాస్వరమూ అంతే.

ఇతర పోషకాలు తగినంత ఉన్న నీటిలో నత్రజనిని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే మొక్క మూడు దశలలో స్పందిస్తుంది. మొదటిది కొరత దశ. ఇక్కడ చిటికెడు నత్రజని చేర్చినా పెరుగుదలలో తేడా కనిపిస్తుంది. రెండవది తృప్తి దశ. ఇక్కడ మొక్క తన జాతికి సాధ్యమైన వేగంతో పెరుగుతూ ఉంటుంది. మూడవది మిగులు దశ. ఇక్కడ నత్రజనిని ఇంకా పెంచినా మొక్క అంతకంటె వేగంగా పెరగదు. అదనంగా దొరికిన దానిని దేహంలో దాచుకొంటుంది. మరీ మించితే, ముఖ్యంగా అమ్మోనియా రూపంలో మించితే, అది విషంగా కూడ పరిణమిస్తుంది.

ఈ మూడు దశల భేదమే మా వ్యాసానికి మూలస్తంభం. నత్రజని పెరిగితే మొక్క పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అనే మాట కొరత దశలో మాత్రమే నిజం. మిగులు దశలో నత్రజనిని సగానికి తగ్గించినా మొక్కకు ఆ సంగతి తెలియనే తెలియదు.

గుర్రపుడెక్క కథ

దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం గుర్రపుడెక్క పుట్టిల్లు. దాని ఊదారంగు పూల అందం చూచి మనుషులే దానిని దేశదేశాలకు కొనిపోయారు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి కాలంలో అది బెంగాలుకు చేరింది. అక్కడి కాలువలలో పడవలు నడవనీయక, వరి చేలను ముంచి ఎంత బాధ పెట్టినదంటే, 1936లో దాని నిర్మూలనకై బెంగాలులో ప్రత్యేక శాసనమే చేయవలసి వచ్చినది. తరువాతి కాలంలో అది దక్కను చెరువులనూ ఆక్రమించింది.

దాని బలం విత్తనంలో కంటె పిలకలో ఎక్కువగా ఉన్నది. అనుకూలమైన నీటిలో దాని సంఖ్య సుమారు రెండు వారాలలో రెట్టింపు కాగలదు. రెట్టింపు అనే మాటలోని భయం లెక్క వేస్తేగాని తెలియదు. నేడు 10 మొక్కలు ఉన్నవనుకొందాము. 16 వారాలలో ఎనిమిది రెట్టింపులు. అప్పటికి 2,560 మొక్కలు. చెరువులో సగం కప్పిన గుర్రపుడెక్క మిగిలిన సగాన్ని కప్పడానికి మరి రెండు వారాలు చాలును. దీని నుండి మరొక సత్యం కూడ బయటపడుతుంది. నిండిన చెరువులో సగం మొక్కలను తీసివేసితిమని సంతోషించినవారు నిజానికి సంపాదించినది రెండు వారాల గడువు మాత్రమే.

ఈ మొక్కకు ఎంత నత్రజని చాలును? ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన కె.ఆర్. రెడ్డి, వారి సహచరులు ఆరుబయట తొట్లలో గుర్రపుడెక్కను పెంచి, నత్రజనిని వేర్వేరు మోతాదులలో ఇచ్చి, ఫలితాలను 1989లో ప్రకటించారు. లీటరు నీటికి సుమారు 5.5 మిల్లీగ్రాముల నత్రజని వరకు మొక్కల బరువు పెరుగుతూ పోయింది. ఆ పైన ఎంత ఇచ్చినా బరువులో చెప్పదగిన పెరుగుదల లేదు. మొక్క దేహంలో నిల్వ మాత్రం పెరిగింది.

ఇప్పుడు పట్టణపు మురుగునీటిని తలచుకొందాము. శుద్ధి చేయని గృహ మురుగునీటిలో లీటరుకు సాధారణంగా 20 నుండి 70 మిల్లీగ్రాముల వరకు నత్రజని ఉంటుంది. అనగా గుర్రపుడెక్కకు తృప్తి కలిగించే మోతాదుకు ఎన్నో రెట్లు. అటువంటి నీటిలో నత్రజని 40 నుండి 20కి తగ్గినదని మన ప్రయోగశాల పట్టికలో కనిపించవచ్చు. కంటికి మాత్రం ఏ మార్పూ కనిపించదు. శుద్ధి చేసిన మురుగునీటిలో మొత్తం నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. ఇది ఆహ్వానింపదగిన అడుగే. కాని తొట్లలో తేలిన లెక్కను ప్రమాణంగా తీసుకొంటే, ఎగువ నుండి మంచినీరు వచ్చి కలిస్తేనే ఆ నీరు కూడ గుర్రపుడెక్కను కొరత దశకు తేగలదు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నిండి తూములు ఎత్తిన దినాలలో తప్ప నగరంలోని మూసీకి అటువంటి మంచినీరు దొరకడం అరుదు.

మొక్క రూపం చూచి కూడ నీటి సారాన్ని కొంత ఊహించవచ్చు. నత్రజని తక్కువైన నీటిలో గుర్రపుడెక్క వేళ్ళను పొడవుగా పెంచి ఆహారం వెదకుతుంది, ఆకులు పొట్టిగా ఉంటాయి. పుష్కలంగా ఉన్న నీటిలో వేళ్ళు కురుచగా, ఆకులు ఏపుగా ఉంటాయి. భాస్వరం వలన కూడ, మొక్కలు క్రిక్కిరిసి ఉన్నందువలన కూడ ఇటువంటి తేడాలు కలుగుతాయి గనుక ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు. పరిశీలన ప్రారంభించడానికి మాత్రం ఇది మంచి గుర్తు.

చెరువు ఎట్లు మారుతుంది

నత్రజని, భాస్వరం రెండూ అధికంగా చేరిన చెరువులో మార్పు ఒక్క దినంలో రాదు. తేటగా ఉన్నప్పుడు ఎండ అడుగు వరకు దిగుతుంది. అడుగున వేళ్ళూని మునిగి పెరిగే మొక్కలు ఉంటాయి. అవి నీటికి ప్రాణవాయువును ఇస్తాయి, చేపపిల్లలకు నీడనిస్తాయి. సారం పెరిగిన కొలది కంటికి కనిపించని శైవలాలు కోట్ల సంఖ్యలో వృద్ధి చెంది నీరు పచ్చబడుతుంది. ఎండ అడుగుకు దిగదు. మునిగి ఉండే మొక్కలు నశిస్తాయి. ఆ తరువాత ఎండ కొరకు నీటిలోపల పోటీ పడనవసరం లేని తేలుడు మొక్కలు, అనగా గుర్రపుడెక్క, అంతరతామర వంటివి, పైకప్పు వేస్తాయి. ఆ కప్పు క్రింద గాలి ఆడదు. చచ్చిన ఆకులు కుళ్ళుతూ ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును కూడ వాడుకొంటాయి. చేపలు చనిపోతాయి. ఈ నిశ్చలమైన మురుగు క్యూలెక్స్ దోమలకు నిలయమవుతుంది. మాన్సోనియా జాతి దోమపిల్లలైతే ఈ మొక్కల వేళ్ళకే అతుక్కొని వాటి నుండి గాలి పీల్చుకొంటాయి.

ఈ మార్పులను శాస్త్రీయంగా గమనించిన తొలివారిలో మన నగరం వారున్నారని మన విద్యార్థులు తెలిసికొనవలెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖకు చెందిన ఎ.ఆర్. జఫర్ హైదరాబాదు చేపల చెరువులలోని శైవలాలను గూర్చి చేసిన పరిశోధన 1964 నుండి హైడ్రోబయాలజియా అనే అంతర్జాతీయ పత్రికలో వెలువడినది. అదే పత్రికలో 1969లో వి. వెంకటేశ్వర్లు మూసీ నది శైవలాలను, నీటి కాలుష్యంతో వాటికి గల సంబంధాన్ని వివరించారు. 1970లో ఎం. మునవర్ హైదరాబాదు మంచినీటి కుంటలను తీసికొని, కలుషితమైన నీటిలోను, కలుషితం కాని నీటిలోను శైవలాల వ్యాప్తిని పోల్చి చూపారు. కాచిగూడ నుండి రైలెక్కితే విద్యానగర్ దాటగానే జామియా ఉస్మానియా స్టేషను వస్తుంది. ప్రపంచం చదివిన ఆ వ్యాసాలు అంత దగ్గరలో, మనం రోజూ చూచే నీటిని గూర్చి వ్రాయబడినవి. శాస్త్రం ఎక్కడో దూరదేశంలో పుడుతుందనే భావం ఉన్నవారికి ఈ మూడు పేర్లు సమాధానం.

సముద్రంలో మరొక కథ

నత్రజని మిగిలిపోయిన నీటిని చూచినాము. కొరత పడిన నీటిని చూడవలెనంటే సముద్రానికి పోవలెను. సముద్రపు పైపొరలో నైట్రేటు సాధారణంగా అత్యల్పం. అడుగు నీటిలో అది నిల్వ ఉంటుంది. గాలుల వలన, ప్రవాహాల వలన అడుగు నీరు పైకి ఎగదన్ని వచ్చినప్పుడు పైపొరకు ఎరువు అందుతుంది. విశాఖపట్నం తీరంలో వేసవికి ముందు ఇట్లు అడుగు నీరు పైకి వచ్చే తీరును 1950 దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన లాఫాండ్ వర్ణించారు. ఆ తీరపు రాళ్ళపై పెరిగే సముద్రపు నాచులను గూర్చి ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు 1964లో ప్రసిద్ధమైన అధ్యయనాన్ని ప్రకటించారు.

సముద్రపు నాచులన్నీ ఒకే విధంగా నత్రజనిని వాడుకొనవు. పలుచని ఆకు వంటి ఉల్వా అనే పచ్చ నాచు నీటితో ఎక్కువ ఒరపిడి గలది. దొరికినది దొరికినట్లు వేగంగా పీల్చి వేగంగా పెరుగుతుంది, నిల్వ తక్కువ. సర్గాసం వంటి మందపు గోధుమ నాచు మెల్లగా పెరుగుతుంది, నిల్వ చేసికొని గడ్డుకాలం గడుపుతుంది. ఒకరు దినకూలి వంటివారు, మరొకరు గాదె గల రైతు వంటివారు. కావున ఒక తీరంలో నత్రజని హఠాత్తుగా పెరిగితే ముందుగా లాభపడేది ఉల్వాయే. 2008లో చైనాలోని చింగ్‌తావ్ నగరం వద్ద ఒలింపిక్ పడవ పోటీలకు ముందు సముద్రాన్ని పచ్చటి తివాచీ వలె కప్పివేసినది ఈ జాతి నాచే.

దీనికి ఎదురు ఉదాహరణ జపానుది. అక్కడివారు నోరి అనే ఎర్ర నాచును వలలపై పెంచి తింటారు. నత్రజని చాలనప్పుడు ఆ నాచు తన ఎర్ర రంగును ఇచ్చే మాంసకృత్తులను కరిగించి వాడుకొంటుంది. రంగు వెలిసిపోతుంది, ధర పడిపోతుంది. 2000–2001 చలికాలంలో అరియాకే సముద్రంలో నోరి రైతులకు కలిగిన నష్టం ఇటువంటిదే. అక్కడ సూక్ష్మ శైవలాలు అతిగా పెరిగి నీటిలోని పోషకాలను ముందుగానే లాగుకొన్నాయి. అగరు తీసే గ్రాసిలేరియా నాచులో మరొక వింత కలదు. నత్రజని పుష్కలంగా ఉంటే అది వేగంగా పెరుగుతుంది, కాని అగరు పాలు తగ్గుతుంది. నత్రజని తగ్గించితే పెరుగుదల మందగించి అగరు పాలు పెరుగుతుంది.

ఒకచోట నత్రజని లేక రైతు ఏడ్చుచున్నాడు. మరొకచోట అది మించి నగరం ఏడ్చుచున్నది. అందుచేత నత్రజనిని విషమని నిందించడం తగదు. అది చోటు తప్పిన సంపద.

నగరం నుండి నదికి – ఒక లెక్క

ఆ సంపద ఎంత? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి 1958లో హైదరాబాదుకు వచ్చినది. మనిషికి ఎంత మాంసకృత్తు కావలెనో దేశానికి చెప్పే సంస్థ అది. మన లెక్కకు సగటున మనిషి రోజుకు 50 గ్రాముల మాంసకృత్తులు తింటాడనుకొందాము. అందులో నూటికి 16 పాళ్ళు, అనగా 8 గ్రాముల నత్రజని. పెరుగుదల ముగిసిన మనిషి దేహం తిన్న నత్రజనిని దాదాపు అంతా తిరిగి బయటకు పంపుతుంది. నగర జనాభాను కోటిగా తీసికొంటే రోజుకు 8 కోట్ల గ్రాములు, అనగా 80 టన్నుల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. కావున ప్రతిదినం మన నగరం సుమారు 3,860 యూరియా బస్తాలకు సమానమైన సారాన్ని విసర్జిస్తున్నది. ఇదంతా మూసీకి చేరదు. కొంత నేలలో ఇంకుతుంది, కొంత గాలిలో కలుస్తుంది. అయినను అందులో నాలుగవ వంతు చేరినా అది వేయి బస్తాలకు దగ్గర.

దీనికి ప్రతిగా మనం చేస్తున్నదేమి? యంత్రాలతో, మనుషులతో గుర్రపుడెక్కను తీయిస్తున్నాము. పచ్చి గుర్రపుడెక్కలో నూటికి 95 పాళ్ళు నీరే. టన్ను మొక్కలో ఎండు పదార్థం 50 కిలోలు. అందులో నూటికి 2 పాళ్ళు నత్రజని అనుకొంటే ఒక్క కిలో. అనగా 80 టన్నుల నత్రజనిని ఈ మార్గంలో బయటకు తీయవలెనంటే రోజుకు 80,000 టన్నుల గుర్రపుడెక్కను ఎత్తవలెను. అది అసాధ్యం. తీసిన మొక్కను ఒడ్డుననే కుప్పవేస్తే ఆ కిలో నత్రజని కూడ మొదటి వానకు తిరిగి నదిలోనే చేరుతుంది. కూలివాని చెమట తప్ప నదికి మిగిలేది ఏమీ లేదు.

అట్లని ఏరివేతను మానవలెనని మా భావం కాదు. దోమలు తగ్గడానికి, నీరు పారడానికి అది అవసరమే. కాని అది ఉపశమనం, చికిత్స కాదు. చికిత్స మురుగు నదిలో కలియక ముందు జరుగవలెను. ఇక్కడ ఒక సూక్ష్మం కలదు. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధి చేయడానికి కట్టిన కేంద్రంలో ముఖ్యమైన పద్ధతి, గాలి సోకని తొట్లలో సూక్ష్మజీవులచే మలిన పదార్థాన్ని జీర్ణింపజేయడం. ఈ పద్ధతి దుర్గంధాన్ని, మలినాన్ని తగ్గిస్తుంది. కాని నత్రజనిని తీసివేయదు. మలినంలో ఇమిడి ఉన్న నత్రజని అమ్మోనియాగా విడివడి నీటితోనే బయటకు పోతుంది. నత్రజనిని తొలగించడానికి రెండు మెట్లు కావలెను. మొదట గాలి నిచ్చి అమ్మోనియాను నైట్రేటుగా మార్చాలి. తరువాత గాలిని ఆపి, వేరు సూక్ష్మజీవులచే నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి ఆకాశానికి పంపాలి. 2021లో నగరానికి మంజూరైన 31 నూతన శుద్ధి కేంద్రాలకు ఎన్నుకొన్న పద్ధతిలో ఒకే తొట్టిలో ఈ రెండు మెట్లను వంతులవారీగా నడిపే వీలున్నది. వీలున్నంత మాత్రాన పని జరుగదు. గాలి ఇచ్చే సమయం, ఆపే సమయం సరిగా పాటించినప్పుడే ఫలితం. కావున శుద్ధి అయినదా అని మాత్రమే గాక, నత్రజని ఎంతకు తగ్గినది అని కూడ పౌరులు అడుగవలెను.

గడ్డి రైతులు

మూసీ దిగువన నగరపు అంచున ఈ సంపదను వాడుకొంటున్నవారిని మరువరాదు. మురుగునీటితో పారాగడ్డిని పెంచి, పదే పదే కోసి, నగరంలోని పాడి పశువులకు అమ్మి బ్రతికే కుటుంబాల జీవనాన్ని 2000 దశకంలో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు గ్రంథస్థం చేశారు. ఆఫ్రికా నుండి వచ్చిన ఈ గడ్డి బురదలో, నిలువనీటిలో కూడ పెరుగుతుంది. పచ్చి గడ్డి టన్నులో ఎండు పదార్థం సుమారు 200 కిలోలు, అందులో నత్రజని నూటికి ఒకటిన్నర పాళ్ళు అనుకొన్నా 3 కిలోలు. గుర్రపుడెక్క కంటె మూడు రెట్లు. పైగా అది ఒడ్డున కుళ్ళదు, పాలుగా మారి మన చాయ్‌లోనికి వస్తుంది. ఎవరి ప్రోత్సాహమూ లేకుండ, ఎరువుల ఖర్చు లేకుండ, నగరపు నత్రజనిని నదికి పోనీయక ఆపుచున్నది ఈ రైతులే.

అయితే దీనికి వారు చెల్లించే మూల్యం కూడ ఉన్నది. మురుగునీటి పొలాలలో పనిచేసేవారిలో ఏలికపాములు, కొంకిపురుగుల బాధ ఎక్కువని హైదరాబాదులోనే జరిగిన అధ్యయనంలో తేలినది. నత్రజని మించిన గడ్డిలో నైట్రేటు నిల్వ అయితే పశువుకు హాని. పారిశ్రామిక వ్యర్థాలు కలిస్తే భార లోహాల భయం. చెప్పులు లేని కాళ్ళతో ఆ నీటిలో నిలిచే మనిషిని కాపాడకుండ, అతని గడ్డిని మాత్రం మెచ్చుకొనడం న్యాయం కాదు. రోగక్రిములను, లోహాలను తొలగించి, సారాన్ని మాత్రం పొలానికి అందించే నీరు వారికి లభించిననాడు, నది బాగుపడుతుంది, రైతూ బాగుపడతాడు.

విద్యార్థులు చేయదగిన ప్రయోగం

చదివినది చేతితో చేసి చూడనిదే విద్య నిలువదు. ఈ ప్రయోగానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. నిలువనీటి గుంటలపై పచ్చని నూకల వలె తేలే లెమ్నా అనే అతి చిన్న మొక్క చాలును.

కొద్దిగా తోటమట్టిని నీటిలో కలిపి వడకట్టి, అందులో సూపర్ ఫాస్ఫేటు కొద్దిపాటి చేర్చిన నీటిని అన్ని సీసాలకూ సమానంగా పోయవలెను. అప్పుడు తేడా నత్రజనిలో మాత్రమే ఉంటుంది. 2.17 గ్రాముల యూరియాను ఒక లీటరు నీటిలో కరిగిస్తే అందులో ఒక గ్రాము నత్రజని ఉంటుంది. ఆ ద్రావణం ఒక మిల్లీలీటరును లీటరు నీటిలో కలిపితే లీటరుకు ఒక మిల్లీగ్రాము నత్రజని చేరినట్లు. ఈ విధంగా 0, 1, 5, 10, 40 మిల్లీగ్రాముల మోతాదులు సిద్ధం చేసికొని, ఒక్కొక్క మోతాదుకు మూడేసి సీసాలు పెట్టవలెను. ఒక సీసాలోని ఫలితం యాదృచ్ఛికం కావచ్చును, మూడింటిలో ఒకటే వస్తే నమ్మవచ్చును. సీసా ఒక్కింటికి 10 ఆకుల చొప్పున వేసి, ఒకే కిటికీ వెలుగులో ఉంచి, రెండు దినాలకొకసారి ఆకులను లెక్కించి రెండు వారాలు పట్టికలో వ్రాయవలెను. ఆకుల రంగును, వేళ్ళ పొడవును కూడ గమనించవలెను. యూరియా అమ్మోనియాగా మారడానికి సూక్ష్మజీవులకు కొంత వ్యవధి పట్టును గనుక మొదటి దినాల ఫలితాన్ని చూచి తొందరపడరాదు.

చివర మోతాదును అడ్డగీతపై, ఆకుల సంఖ్యను నిలువుగీతపై గుర్తించి రేఖ గీయవలెను. ఆ రేఖ ఎక్కడ వంగి చదునవుతుందో అదే లెమ్నాకు తృప్తి మోతాదు. తరువాత మూసీ నీటిని, బోరు నీటిని అదే విధంగా పరీక్షించి, అవి ఆ రేఖపై ఎక్కడ పడునో చూడవచ్చును. నది నీటిని తెచ్చేటప్పుడు చేతి తొడుగులు ధరించి, అధ్యాపకుల పర్యవేక్షణలోనే తీయవలెను. ఫలితాలను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి గోడపత్రికలో ప్రదర్శిస్తే భాషా విభాగాలకు, విజ్ఞాన విభాగాలకు మధ్యనున్న గోడ కూడ కొంత తగ్గుతుంది. సీసాలు, త్రాసు, కిటికీ దగ్గర ఒక బల్ల కేటాయించవలసినదిగా కళాశాల యాజమాన్య సంఘం పెద్దలకు మా సవినయ మనవి.

ఉపసంహారం

ఇంతవరకు చెప్పినదాని సారం మూడు మాటలలో ఇమిడి ఉన్నది. నత్రజని కొరతలో ఉన్నప్పుడే మొక్క దాని మాట వింటుంది. మిగులు దశలో ఉన్న నీటిలో కొద్దిగా తగ్గించి ఫలితం కోరడం వ్యర్థం, తృప్తి మోతాదు దాటి క్రిందికి దించేవరకు పట్టు విడువరాదు. మొక్కను తీసివేయడం కంటె ముందు, మొక్కను పోషించే దానిని నదికి చేరకుండ ఆపడం ముఖ్యం. నదికి చేరకుండ ఆపిన నత్రజనిని పొలానికి చేర్చగలిగితే అది శుభ్రతే గాక సంపాదన కూడ అవుతుంది.

మూసీని గూర్చి మాట్లాడేటప్పుడు పెద్దలు నిట్టూర్పు విడుస్తారు, యువకులు ముక్కు మూసికొంటారు. నిట్టూర్పుకు, ముక్కు మూసికొనడానికి నది మారదు. ఎంత వస్తున్నది, ఎంత పోతున్నది, ఎంత మిగులుతున్నది అని లెక్క అడిగేవారు ఎదిగినప్పుడే మారుతుంది. ఆ లెక్క అడిగే విద్యార్థులు, నది ఒడ్డు నుండి వచ్చే మన విద్యార్థులే కావలెనని మా ఆకాంక్ష.